వాయిదాల మీద ఒక పుస్తకం

అప్పులు వసూలు చేయడంలో ఆరితేరిన వాళ్ళ దగ్గర చందాలు వసూలు చేయడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే మా చర్చిలో అందరూ నవ్వేవారు. "సుగుణమ్మా, మోషే బండలోంచి నీళ్ళు తెచ్చినట్టే నీ పని కూడా" అనేవారు పాస్టరుగారు.

ఫైనాన్స్ కంపెనీలకు కూడా ఒక సంఘం ఉంటుందని చాలామందికి తెలియదు. బండ్ల మీద అప్పులిచ్చేవాళ్ళు, బంగారం మీద ఇచ్చేవాళ్ళు, చిట్టీలు నడిపేవాళ్ళు, మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్ళు, అంతా అందులో సభ్యులే. ఆఫీసు తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన ఉండేది. కింద దోసె వేస్తే పైన మీటింగు ఆగిపోయేది. నేను సంఘం సేవా విభాగం చూసేదాన్ని. సభ్యుల నుంచి విరాళాలు తేవాలి, వాళ్ళ ఉద్యోగులను సెలవు పూట ఏదైనా మంచి పనికి పట్టుకురావాలి.

ఇప్పుడు నా కుర్చీలోకి ప్రణీత అనే అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. నేను దిగిపోయే ముందు ఓ రోజు, "మేడం, పాత ఫైళ్ళన్నీ చదివాను. ఎంత పంచారో తెలిసింది గానీ, మీరు రోజూ చేసిన పనేమిటో అర్థం కాలేదు" అంది. ఫైళ్ళలో ఉండదమ్మా అన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకెవరు ఇచ్చిండ్రు?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని వాళ్ళ సంగతి నాకు మొదటి నెలలోనే తెలిసింది. మెట్టుగూడలో చిట్టీల కంపెనీ నడిపే ఒక పెద్దాయన దగ్గరికి పేద పిల్లల ఫీజుల కోసం వెళ్ళాను. టీ తెప్పించాడు. మా నాన్న ఏం చేసేవారని అడిగాడు. రైల్వేలో గుమాస్తా అంటే ఏ క్వార్టర్లలో ఉండేవాళ్ళమో కూడా అడిగాడు. అంతా అయ్యాక, "ఇంకెవరెవరు ఇచ్చిండ్రు మేడం?" అన్నాడు.

ఇంకా ఎవరూ ఇవ్వలేదని నిజం చెప్పాను.

"అట్లనా. సరే, సూద్దాం" అన్నాడు. ఆ "సూద్దాం" చుట్టూ నేను నెలల తరబడి తిరిగాను.

పిసినారి అనుకుని వదిలేయవచ్చు. కానీ ఎండాకాలంలో అదే మనిషి తన ఆఫీసు ముందు చలివేంద్రం పెట్టి, గ్లాసులు తనే కడగడం చూశాను. మరి నాకెందుకు ఇవ్వలేదు? ఈ ప్రశ్న నన్ను తొలిచేసింది. నాకు కోపం కన్నా కుతూహలం ఎక్కువ. ఈ ఉద్యోగంలో నన్ను కాపాడింది ఆ గుణమే.

జవాబు వాళ్ళ వ్యాపారంలోనే ఉంది. ఒక్కరి మాట మీద వాళ్ళు ఎవరికీ అప్పు ఇవ్వరు. పక్కన ఇంకొకరు జామీను ఉండాలి. "ఇంకెవరు ఇచ్చిండ్రు" అంటే "నీకు జామీను ఎవరు" అని అడగడమన్నమాట. అది తెలిశాక నేను ఒంటరిగా వెళ్ళడం మానేశాను. ఒక సభ్యుడి దగ్గరికి ఇంకో సభ్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని. మెట్టుగూడ పెద్దాయన రెండో మనిషిని చూడగానే చెక్కు రాశాడు. వీళ్ళకు ఇవ్వడమంటే భయం లేదు, ఒంటరిగా ఇవ్వడమంటేనే భయం.

మౌలాలి సంచులు

నేను ఎక్కువ కాలం పని చేసింది నర్సింహారెడ్డి గారి కింద. మా సంఘం అధ్యక్షుడు. నల్లగొండ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి, ఆటోలకూ ట్రాక్టర్లకూ అప్పులిచ్చే కంపెనీ పెట్టారు. కోపం ముక్కు మీదే ఉండేది. ఎవరైనా ఏడిస్తే మాత్రం ఆ ముక్కే ఎర్రబడేది.

ఒక ఏడాది మౌలాలిలోని బడిలో పిల్లలకు సంచులు పంచుదామన్నారు. సంచుల మీద తన కంపెనీ పేరు ఇంతేసి అక్షరాలతో వేయించారు. ఫోటోలు తీస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఒక తల్లి కూతురి భుజం మీది సంచి తీసి, మడిచి, తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏందమ్మా, చినిగిందా?" అన్నారాయన.

"లేదు సార్, మంచిగనే ఉన్నది. గీ పేరు ఇంట్ల కనవడితే మా ఆయన అన్నం తినడు. పోయిన నెల మా ఆటో ఎత్కపోయింది మీ కంపెనోళ్ళే."

ఫోటోగ్రాఫరు ఎటు తిప్పాలో తెలియక కెమెరా కిందికి దించాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, తార్నాక సిగ్నల్ దగ్గర ఆయన నా వైపు తిరిగారు. "పేరు లేకుంట ఇస్తే, మనమిచ్చినట్టు ఎట్ల తెలుస్తది మేడం?"

"ఎవరికి తెలియాలి సార్?" అన్నాను.

మరుసటి ఏడాది సంచులు ఏ పేరూ లేకుండా వచ్చాయి. ప్రణీతా, ఇది గుర్తు పెట్టుకో. మన సభ్యుల పేర్లు జనానికి తెలియనివి కావు. కొన్ని ఇళ్ళలో మరీ బాగా తెలుసు.

కర్ర ఉన్నది సార్

సంచుల తర్వాత మా దృష్టి క్యాంపస్ మీద పడింది. నర్సింహారెడ్డి గారు రోజూ పొద్దున యూనివర్సిటీలో నడకకు వెళ్ళేవారు. చూపులేని విద్యార్థులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని క్లాసులకు వెళ్ళడం అక్కడ చూశారు. ఇంకేం, తెల్ల కర్రలు పంచుదామన్నారు. క్యాంపస్‌లోనే ఒక నడక పెట్టి, సభ్యులందరినీ నడిపించి, విరాళాలు పోగుచేశాం. కర్రలు కొన్నాం.

పంచే రోజున స్వరూప అనే అమ్మాయి వంతు వచ్చింది. చరిత్రలో ఎం.ఏ. చివరి ఏడాది. మహబూబ్‌నగర్ జిల్లాలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. కర్ర చేతికిస్తే తడిమి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"కర్ర నాకున్నది సార్. చదివి వినిపించెటోళ్ళే లేరు."

"ఫోన్లు చదువుతయి గదమ్మా ఇప్పుడు?" అన్నారు నర్సింహారెడ్డి గారు.

"ఇంగ్లీషు మంచిగ చదువుతది సార్. పాత తెలుగు పుస్తకాలు చదవమంటే ఆగమాగం చేస్తది. పట్టాదారు అని ఉంటే పట్టుదారం అంటది. నేను రైతుల చరిత్ర చదువుతున్ననో, చీరల దుకాణం చరిత్ర చదువుతున్ననో నాకే తెలుస్తలేదు."

ఆయన పెద్దగా నవ్వారు. నేను నవ్వలేదు. నాకు సిగ్గేసింది. అంత డబ్బు పోగుచేశాం గానీ, ఏం కావాలని ఒక్కరినైనా అడగలేదు మేము. పంచాక అడిగే ప్రశ్నను పంచక ముందు అడిగితే చాలు, సగం డబ్బు మిగులుతుంది. అలా మా ఆఫీసులో శనివారం మధ్యాహ్నాల చదువు మొదలైంది. కంపెనీల ఉద్యోగులు వచ్చి చదివేవారు. స్వరూప ఎదురుగా కూర్చుని వింటూ ఫోన్‌లో రికార్డు చేసుకునేది.

అక్షరాలా మాత్రమే

మనిషి ఏ ఉద్యోగం చేస్తాడో తెలుసుకోవాలంటే ఒక పేజీ చదివించాలి. మ్యూచువల్ ఫండ్ల కుర్రవాడు శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా ఒక్క ఊపిరిలో చదివేశాడు. ప్రకటన చివర షరతులు చదివినట్టే ఉంది. నెమ్మదిగా చదవమందామని నేను నోరు తెరిచేలోగా, "గీ సారే కరెక్ట్ స్పీడు మేడం. మిగిలినోళ్ళు చదువుతుంటే నిద్రొస్తది" అంది స్వరూప.

బంగారం అప్పుల మేనేజరు ఇంకో రకం. అంకె కనబడితే చాలు, చెక్కు మీద రాసినట్టు చదివేవాడు. "శిస్తు నలభై రూపాయలు, అక్షరాలా నలభై రూపాయలు మాత్రమే." అలా చదువుతున్నట్టు ఆయనకే తెలియదు. స్వరూప పెదవులు బిగబట్టుకుని కూర్చునేది. ఆయన మెట్లు దిగిపోయాక ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఆ రోజుల్లో ఎం.ఏ. అయ్యాక ఏం చేస్తావని స్వరూపను అడిగాను. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష రాస్తానంది. సీటు వస్తే క్యాంపస్‌లో ఉంటుంది. రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోవాలి.

"ఊళ్ళో ఇబ్బందా?" అన్నాను.

"లేదు మేడం. అందరు నన్ను మంచిగ చూస్కుంటరు. కూసున్న కాడికి అన్నం తెచ్చిస్తరు. నాకు అదే భయం."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

పరీక్ష దగ్గర పడుతుండగా ఒక లావుపాటి పాత పుస్తకం తెచ్చింది. తెలంగాణ పల్లెల్లో రైతుల అప్పుల మీద. అది వినకుండా పరీక్షకు వెళ్ళలేనంది. పేజీలు పట్టుకుంటే పెళుసుగా విరిగేలా ఉన్నాయి. నర్సింహారెడ్డి గారు దాన్ని చేతిలో తూచినట్టు చూసి, సభ్యులతో మాట్లాడి చెబుతానన్నారు.

మొదటి వాయిదా

ఆయన నిజంగానే మాట్లాడారు. సభ్యులందరినీ కూర్చోబెట్టి, పుస్తకాన్ని భాగాలు చేసి, ఏ భాగం ఏ కంపెనీ ఏ రోజు చదవాలో తేల్చారు. పరీక్షకు వారం ముందే పూర్తయ్యేలా పెట్టారు. ఎవరైనా ఎగ్గొడితే తనే జామీనని, వాళ్ళ భాగం తను చదువుతానని అందరి ముందూ చెప్పారు. ఆ ఉత్సాహంలో నా ఎదుటే స్వరూపకు ఫోన్ చేశారు.

"అమ్మా, నీ పుస్తకం వాయిదాలేసినం. ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. నిమ్మలంగ ఉండు."

అటు నుంచి "సరే సార్" అని వినబడింది. అంతే. ఆయన ఫోన్ పెట్టేసి, "థాంక్స్ అన్న అనలే చూడు మేడం" అన్నారు.

శనివారం వచ్చింది. మొదటి భాగం చదవాల్సిన మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. స్వరూప రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నర్సింహారెడ్డి గారు గడియారం చూసుకున్నారు, లేచారు, కూర్చున్నారు.

"మొదటి వాయిదాకే డిఫాల్టా? ఇంతమంది పనులిడిచి కూసున్నం గీడ. ఆమెకు అవసరం లేదేమో. బంద్ చేద్దాం మేడం."

ఇక్కడ ఒక్క మాట. అప్పుల వ్యాపారంలో మనిషి రాకపోతే ఎగ్గొట్టాడనే మొదట అనుకుంటారు. వాళ్ళు అన్నేళ్ళు నేర్చుకున్న విద్య అది, తప్పుపట్టను. సేవ చేసేటప్పుడు మాత్రం ఆ విద్య పనికిరాదు. రాని మనిషి ఎందుకు రాలేదో వెళ్ళి తెలుసుకోవాలి. "ఒక్కసారి హాస్టల్‌కు వెళ్ళొద్దాం సార్. నిజంగా వద్దంటే మీరన్నట్టే మానేద్దాం" అన్నాను. గొణుక్కుంటూనే కారు తీశారు. పుస్తకం నేను వెంట తెచ్చుకున్నాను.

గేటు దగ్గర

అమ్మాయిల హాస్టల్ లోపలికి ఆయన్ని రానివ్వరు కాబట్టి గేటు దగ్గర ఆగిపోయారు. నేను పైకి వెళ్ళాను. గదిలో స్వరూప సర్దిన సంచి పక్కన కూర్చుని ఉంది. ఉర్దూ ఎం.ఏ. చదివే నస్రీన్ అనే రూమ్మేట్ ఆమె బట్టలు మడిచి పెడుతోంది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"ఊరికి మేడం. పొద్దుగాల మా అన్న వస్తున్నడు."

"మరి పరీక్ష?"

"పుస్తకం లేకుంట ఏం రాయాలె? సార్ వాయిదేసిండు గద."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై నెత్తి కొట్టుకున్నాను. నా ఎదురుగా ఆయన అన్న మాటే. మా ఆఫీసులో వాయిదా అంటే నెలనెలా కట్టే కిస్తీ. అక్కడ అన్నేళ్ళు కూర్చున్న నా చెవికి ఇంకో అర్థమే తట్టలేదు. లోకంలో అందరికీ వాయిదా వేయడమంటే పనిని వెనక్కి నెట్టడం. పైగా నిమ్మళంగా ఉండమన్నారు కూడా!

"పిచ్చి పిల్లా, పుస్తకాన్ని వాయిదాలుగా కోశారే! ఇవాళ మొదటి వాయిదా. ఆఫీసులో అంతా నీకోసం కూర్చున్నారు."

స్వరూప ముఖం తిప్పుకుంది. నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది. "నన్ను ఇట్ల నిమ్మలంగ ఉండుమన్నోళ్ళు శానమంది ఉన్నరు మేడం. సార్ గూడ గట్లనే అన్నడనుకున్న" అంది.

బట్టలు మడుస్తున్న నస్రీన్ ఆగి, "మా ఉర్దూల వాదా అంటే మాట ఇచ్చుడు మేడం. మీ వాయిదా గాడికెల్లి వచ్చిందే" అంది. అని, మడిచిన బట్టలు మళ్ళీ సంచిలోంచి తీయడం మొదలుపెట్టింది.

కిందికి వచ్చి నర్సింహారెడ్డి గారికి సంగతి చెప్పాను. ముందు ముక్కు ఎర్రబడింది. స్వరూప గేటు దాకా రాగానే, "అమ్మా, డిఫాల్టర్ నువ్వనుకున్న. నేనేనమ్మా" అన్నారు.

"మీ భాషల వాయిదా అంటే వచ్చుడు సార్. మా భాషల పోవుడు" అంది స్వరూప కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. ఆఫీసుకు వెళదామంటారేమో అనుకున్నాను. రోడ్డు పక్కనున్న కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. కళ్ళద్దాలు కారులో కూడా లేవు. నావి అడిగి పెట్టుకున్నారు. ఎర్ర ఫ్రేములో ఆయన్ని చూసి అటు వెళ్ళే అమ్మాయిలు నవ్వుకున్నారు. అన్నేళ్ళలో ఆయన ఎన్నడూ మాకు చదివి వినిపించలేదు. అచ్చు చదవాలంటే ఆయనకు బెరుకని అప్పుడే తెలిసింది. మాట మాటకూ ఆగి, ఒత్తులు మింగి, వేలితో వరస పట్టుకుని మొదటి భాగం పూర్తిగా చదివారు. అది మ్యూచువల్ ఫండ్ల కుర్రవాడి వేగంలో పదో వంతు ఉండదు. స్వరూపకు నిద్ర మాత్రం రాలేదు.

అన్న వచ్చాడు, ఒంటరిగానే తిరిగి వెళ్ళాడు. మిగిలిన వాయిదాలన్నీ అనుకున్న రోజుల్లోనే అయ్యాయి. ఒకరిద్దరు ఎగ్గొడితే జామీనుదారే వచ్చి చదివారు, ఈసారి సొంత కళ్ళద్దాలతో.

మూడోది

పరీక్ష అయిపోయింది, రాతలో గట్టెక్కింది. ఇంటర్వ్యూకు ముందు శనివారం స్వరూప చెప్పకుండా ఆఫీసుకు వచ్చింది.

"పుస్తకం అయిపాయె గదమ్మా?" అన్నారు నర్సింహారెడ్డి గారు.

"అయిపోయింది సార్. ఇయ్యాల నేను చదువుతా. మీరు వినుండ్రి. తర్వాత ఇంటర్వ్యూల అడిగినట్టు అడగుండ్రి."

ఒళ్ళో మందపాటి కాగితాలు పెట్టుకుంది. తను ఏం పరిశోధన చేయదలచుకుందో బ్రెయిల్‌లో రాసుకుంది. అప్పులిచ్చేవాళ్ళంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె వేళ్ళు చుక్కల మీద కదులుతుంటే గొంతు వాటి వెంట నడిచింది.

"అప్పు ఇచ్చినవాడికి వాయిదా అంటే డబ్బు వచ్చే రోజు. తీసుకున్నవాడికి అదే మాట ఇంకాస్త గడువు. ఆ మాటకు మూలమైన ఉర్దూలో అది మాట ఇవ్వడం. ఒకే మాటను ఇద్దరూ రెండు రకాలుగా విన్నప్పుడు, మూడో అర్థం ఎక్కడికి పోయింది? మన పల్లెల్లో అప్పుల చరిత్రను నేను ఆ వైపు నుంచి చూడాలనుకుంటున్నాను."

కింద దోసె చుయ్యిమంది. మెట్టుగూడ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మౌలాలి సంచి బల్ల మీదికి తిరిగొచ్చిన రోజు నాటి ముఖంతోనే నర్సింహారెడ్డి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"గీ ఆలోచన నీకెట్ల వచ్చిందని అడుగుతరు. ఏం చెప్తవు?"

"ఒక ఫైనాన్స్ సార్ ఫోన్ చేసిండని చెప్త."

ఆయనే అందరికన్నా ముందు నవ్వారు. సీటు వచ్చింది. స్వరూప క్యాంపస్‌లోనే ఉంది. ఇప్పుడు శనివారాలు మా ఆఫీసులో ఇంకొందరు విద్యార్థులు వింటున్నారు. ఎవరు ఎవరికి ఏం చదవాలో తేల్చేది స్వరూపే. చాలా కఠినం.

నా ఆఖరి పనిదినం కూడా శనివారమే పడింది. దండ వేశారు, శాలువా కప్పారు, నాకు నచ్చని నాలుగు మాటలతో పొగిడారు. అంతా అయ్యాక ప్రణీత తాళాలు తీసుకుంటూ, "ఇక మీరు శనివారాలు హాయిగా ఇంట్లో ఉండొచ్చు మేడం" అంది.

ఇంటికి వెళ్ళి నిమ్మళంగా ఉండమన్నమాట. ఆ మాటంటే స్వరూప ఎందుకు ఏడ్చిందో నాకు అప్పుడు మరింత బాగా తెలిసింది.

"వచ్చే శనివారం ఇక్కడ చదవడానికి నాకు వాయిదా ఉందమ్మా" అన్నాను.

మూల కుర్చీలో కూర్చున్న స్వరూప తలెత్తింది. "ఏ వాయిదా మేడం?"

"మూడోది" అన్నాను.